జర్మనీలో మొదటి చలికాలం: గదిలో చెమ్మ, లెటర్‌బాక్స్‌లో జర్మన్

జర్మన్ యూనివర్సిటీల్లో వింటర్ సెమిస్టర్ కాగితం మీద అక్టోబర్ 1న మొదలవుతుంది, క్లాసులు నెల మధ్యలో ఊపందుకుంటాయి. అంటే మనవాళ్లు విమానం దిగేది సరిగ్గా పగలు కుంచించుకుపోయే రోజుల్లో. అక్టోబర్ ఆఖరి ఆదివారం తెల్లవారుజామున మూడింటికి గడియారాన్ని రెండుకు తిప్పేస్తారు. ఇండియాతో మూడున్నర గంటలున్న తేడా ఆ రోజు నుంచి నాలుగున్నర అవుతుంది. డిసెంబర్ 21న బెర్లిన్‌లో సూర్యుడు ఎనిమిదింపావుకు వచ్చి నాలుగు కొట్టకముందే వెళ్లిపోతాడు.

బయల్దేరే ముందు అందరికీ రెండు భయాలుంటాయి: బయట చలి, క్లాసులో భాష. ఈ రెండు చోట్లా అంత కష్టమేం ఉండదు. మాస్టర్స్ కోర్సు ఇంగ్లిష్‌దైతే పాఠం ఇంగ్లిష్‌లోనే నడుస్తుంది, బయటికి కోటు ఉంటుంది. చలి ఏడిపించేది గదిలో. జర్మన్ ఏడిపించేది లెటర్‌బాక్స్ దగ్గర, ఫోన్లో, కౌంటర్ ముందు. అందుకే బట్టల సంగతి గబగబా ముగించి లోపలికి వెళ్దాం.

కోటు మన దగ్గర కొని సూట్‌కేసులో సగం నింపుకోవడం దండగ. జర్మనీలో చాలా ఊళ్లలో చలికాలం సున్నాకి అటూ ఇటూ ఊగుతుంది. మంచు తక్కువ, చినుకులూ గాలీ ఎక్కువ. ఈకల జాకెట్ తడిస్తే ముద్దయిపోతుంది, వెచ్చదనం పోతుంది. వాళ్లు చెప్పే పద్ధతి ఉల్లిపాయ సూత్రం, త్స్వీబెల్‌ప్రింత్సీప్. ఒంటికి తగిలే పొర చెమటను బయటికి పంపాలి, మధ్య పొర గాలిని పట్టి ఉంచాలి, పై పొర గాలినీ వాననూ ఆపాలి. మొదటి పొర నూలు బనియన్ అయితే మొత్తం లెక్క తప్పుతుంది. కిక్కిరిసిన ట్రామ్‌లో పట్టిన చెమటను నూలు పీల్చుకుని తడిగా అంటిపెట్టుకుంటుంది, దిగగానే వణుకు మొదలు. మెరీనో ఉన్ని గానీ పాలిస్టర్ థర్మల్స్ గానీ రెండు జతలు చాలు, ఒకటి ఉతుకులో, ఒకటి ఒంటి మీద. మధ్యలో ఫ్లీస్ లేదా స్వెటర్. పైన హుడ్ ఉన్న వాటర్‌ప్రూఫ్ జాకెట్, ఎందుకంటే ఆ గాలికి గొడుగు నిలవదు. బూట్లు అర సైజు పెద్దవి తీసుకోవాలి. బిగుతుగా ఉన్న బూటులో రెండు జతల సాక్సులు తొడిగితే వేళ్లకు రక్తం సరిగా ఆడదు, మధ్యలో గాలి పొర కూడా మిగలదు, కాళ్లు ఇంకా చల్లబడతాయి. ఒక్క జత ఉన్ని సాక్సులే మేలు. తొందర లేనివాళ్లకు జనవరిలో తగ్గింపు ధరలుంటాయి. తొందరున్నవాళ్లు క్లైన్‌అన్‌త్సైగెన్, వింటెడ్ యాప్‌లలో సెకండ్ హ్యాండ్ చూసుకోవచ్చు.

ఒక్క విషయంలో మాత్రం బయట జాగ్రత్త కావాలి. గడ్డకట్టిన నేల మీద చినుకు పడితే కంటికి కనబడని గాజు పొర ఏర్పడుతుంది. దాన్ని గ్లాట్‌ఐస్ అంటారు. ఆ రోజు చేతులు జేబుల్లో పెట్టుకోకుండా, బరువంతా ముందు పాదం మీద వేసి, బాతులా చిన్న అడుగులతో నడవాలి. నవ్వొచ్చినా సరే.

ఇక గది. రేడియేటర్ పక్కన ఉండే గుండ్రటి తిరుగుడు మీద నక్షత్రం గుర్తు, 1 నుంచి 5 దాకా అంకెలు ఉంటాయి. చాలామంది ఇది ఫ్యాన్ రెగ్యులేటర్ లాంటిదనుకుని 5కి తిప్పుతారు, గది తొందరగా వేడెక్కుతుందని. కానీ ఇది వేగం చెప్పదు, గది ఎంత వేడి దగ్గర ఆగాలో చెబుతుంది. 3 అంటే దాదాపు 20 డిగ్రీలు, ఒక్కో అంకెకు నాలుగు డిగ్రీల చొప్పున అటూ ఇటూ లెక్కేసుకోవచ్చు. నక్షత్రం అంటే పైపులు గడ్డకట్టకుండా చూసే ఆరు డిగ్రీల కాపలా. 3లో పెట్టినా 5లో పెట్టినా 20 డిగ్రీలకు చేరే సమయం దాదాపు ఒకటే. 5లో పెడితే అక్కడ ఆగకుండా 28 దాకా పోతుంది, బిల్లూ దానితో పాటే పోతుంది. ఆ తిరుగుడు లోపలి సెన్సర్ తన చుట్టూ ఉన్న గాలినే కొలుస్తుంది. దాని మీద కర్టెన్ వేలాడినా, తువ్వాలు ఆరేసినా గది వేడెక్కిందని భ్రమపడి ఆగిపోతుంది. రేడియేటర్ పైన చల్లగా, కింద వేడిగా ఉండి లోపల గుడగుడ శబ్దం వస్తుంటే పైపులో గాలి చేరిందన్నమాట. పక్కనున్న చిన్న స్క్రూను తాళంతో పావు తిప్పు తిప్పి, బుస్సుమనే గాలి పోయి నీళ్లు రాగానే బిగించెయ్యాలి. హాస్టల్ అయితే ఆ పని కేర్‌టేకర్‌కి, అంటే హౌస్‌మైస్టర్‌కి, వదిలెయ్యడం మంచిది.

అసలు తగాదా కిటికీతో. చలేస్తోందని వారాల తరబడి కిటికీ మూసేసి, లోపల కుక్కర్ పెట్టి, స్నానం చేసి, ఉతికిన బట్టలు గదిలోనే ఆరేసి పడుకుంటారు. ఆ ఆవిరి ఎక్కడికీ పోదు. బయటి గోడ చల్లగా ఉంటుంది కాబట్టి దాని మీద, ముఖ్యంగా మంచం వెనక, బీరువా వెనక మూలల్లో చెమ్మ పడుతుంది. మూడు నాలుగు వారాల్లో నల్ల చుక్కలు కనిపిస్తాయి. అదే బూజు, జర్మన్‌లో షిమ్మెల్. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్‌లోంచి కోత పడేది చాలాసార్లు దీనికే. చట్ట ప్రకారం డిపాజిట్ మూడు నెలల మూల అద్దె దాకా ఉండొచ్చు, కాబట్టి చిన్న మొత్తమేం కాదు.

దీనికి జర్మన్ల మందు ష్టోస్‌ల్యుఫ్టెన్. రేడియేటర్ నక్షత్రానికి తిప్పి, కిటికీ రెక్క మొత్తం తీసి, ఐదు నుంచి పది నిమిషాలుంచి మూసెయ్యడం. రోజుకు మూడుసార్లు, వంట చేసినా స్నానం చేసినా వెంటనే ఇంకోసారి. బయట పొగమంచు కురుస్తుంటే ఆ తడి గాలిని లోపలికెందుకు రానివ్వాలని అడుగుతారు. లెక్క చూడండి. సున్నా డిగ్రీల గాలి పూర్తిగా తడిసి ఉన్నా ఒక ఘనమీటరులో మోయగలిగే నీరు 5 గ్రాములే. 20 డిగ్రీల గాలి 17 గ్రాములు మోస్తుంది. బయటి తడిగాలి లోపలికొచ్చి వేడెక్కితే దాని తేమ 30 శాతం కంటే తక్కువకు పడిపోతుంది. 12 చదరపు మీటర్ల గదిలో దాదాపు 30 ఘనమీటర్ల గాలి ఉంటుంది. తేమ 60 శాతం ఉన్నప్పుడు గాలి మొత్తం మారిస్తే 150 గ్రాములకు పైగా నీళ్లు, అంటే పెద్ద టీ కప్పు నిండా, కిటికీలోంచి బయటికి పోసినట్టే. గోడలు, సామాను వేడిని పట్టి ఉంచుతాయి కాబట్టి మూయగానే గది మళ్లీ వెచ్చబడుతుంది.

కిటికీని పైనుంచి కొంచెం వాల్చి రోజంతా వదిలెయ్యడం మాత్రం రెంటికీ చెడ్డ పని. గాలి నిదానంగా మారుతుంది, కిటికీ చుట్టూ గోడ చల్లబడుతుంది, బూజు సరిగ్గా అక్కడే పడుతుంది. ఒక చిన్న తేమ మీటరు పది యూరోల దగ్గర దొరుకుతుంది. ముల్లు 40, 60 మధ్య ఉంటే నిశ్చింత. మంచాన్నీ బీరువానూ బయటి గోడకు ఓ పది సెంటీమీటర్లు జరిపి పెట్టండి. ఆ తేమ మీటరు మీద పెట్టే పది యూరోలు ఖరీదైన కోటు కంటే ఎక్కువ పని చేస్తాయని నా నమ్మకం.

తేమ మరీ పడిపోతే ఇంకో గొడవ. చర్మం పగులుతుంది, ముక్కులో నెత్తురు చారలు కనిపిస్తాయి, తలుపు గొళ్లెం ముట్టుకుంటే షాక్ కొడుతుంది. వేడి వేడి నీళ్లతో అరగంట స్నానం చేస్తే చర్మంలో ఉన్న నూనె కూడా పోతుంది. మందుల షాపు దాకా పోనక్కర్లేదు, డీఎం, రోస్‌మన్ లాంటి దుకాణాల్లో యూరియా 5 లేదా 10 శాతం ఉన్న క్రీము దొరుకుతుంది. ఒళ్లు తుడుచుకోగానే రాసుకోవాలి.

ఎండ విషయం కూడా ఇక్కడే. అక్టోబర్ నుంచి మార్చి దాకా అక్కడి ఎండకు ఒంట్లో విటమిన్ డి చాలినంత తయారవదు, చామనఛాయ వాళ్లకు అసలే కష్టం. ఎండ లేనప్పుడు రోజుకు 20 మైక్రోగ్రాములు, అంటే 800 యూనిట్లు, అవసరమని జర్మన్ పోషకాహార సంఘం చెబుతుంది. మన దగ్గర వారానికొకటి చొప్పున ఇచ్చే 60,000 యూనిట్ల ప్యాకెట్లు సంచిలో వేసుకెళ్లి సొంతంగా మింగడం తప్పు. నవంబర్‌లో ఊరికే దిగులుగా, నిద్రమత్తుగా ఉంటే అది బద్ధకం కాదు, వెలుతురు కొరత కావచ్చు. మబ్బు పట్టినా సరే, మధ్యాహ్నం అరగంట బయట తిరగాలి. మబ్బు పగలు కూడా ట్యూబ్‌లైటు గది కంటే ఎన్నో రెట్లు వెలుతురు. రెండు వారాలైనా దిగులు వదలకపోతే డాక్టర్‌కి చెప్పాల్సిందే.

ఇప్పుడు భాష. జర్మన్ నేర్చుకోవడంలో తెలుగువాళ్లకు కొన్ని అదృష్టాలున్నాయి, ఇంగ్లిష్ మీదుగా నేర్చుకుంటూ వాటిని పారేసుకుంటారు. వాళ్ల వర్ణమాల చివరి అక్షరం పలుకు ఏదో కాదు, మనం 'చలి' అన్నప్పటి చ. చిలకలోని చ కాదు, నాలుక పళ్లకు తగిలే చ. టైముకు వాళ్ల మాట 'త్సైట్'ను ఆ చ తోనే అనండి, సరిపోతుంది. హ్రస్వం, దీర్ఘం మనకు పుట్టుకతో వచ్చినవే. 'ష్టట్' అంటే నగరం, 'ష్టాట్' అంటే రాజ్యం, ఈ తేడా వినడానికి ఇతరులకు నెలలు పడుతుంది. రెండు చుక్కల 'ఉ' (ü) కోసం నోట్లో 'ఈ' అంటూ పెదవులను 'ఊ' ఆకారంలో చుట్టాలి. నాలుక కదలకూడదు. అలాగే 'ఏ' అంటూ 'ఓ' పెదవులు పెడితే రెండు చుక్కల 'ఒ' (ö) వస్తుంది.

మన దురదృష్టం మాట చివర. తెలుగు అచ్చుతో ముగిసే భాష, అందుకే తెలియకుండానే చివర 'ఉ' తగిలిస్తాం. అక్కడ హల్లు ఖండితంగా ఆగాలి, పైగా గ, డ, బ చివరికొస్తే క, ట, ప అయిపోతాయి. రోజును 'టాగ్' అని రాసి 'టాక్' అంటారు. 'టాగు' అన్నామంటే అవతలివాళ్లు ఒక్క క్షణం ఆగి ఆలోచిస్తారు, వెంటనే ఇంగ్లిష్‌లోకి దిగిపోతారు.

వాక్యం కూడా మన దారిలోనే నడుస్తుంది కొన్నిచోట్ల. 'ఎందుకంటే' అని మొదలుపెడితే క్రియ చివరికి పోతుంది, అచ్చం తెలుగులా. కొన్ని క్రియలు రెండు ముక్కలై రెండో ముక్క వాక్యం చివర పడుతుంది. 'డీ ఫోర్‌లేసుంగ్ ఫెల్ట్ ఆమ్ మోన్‌టాక్ అవుస్' అని తలుపు మీద కాగితం అంటించి ఉంటుంది. ఆ చివరి 'అవుస్' చదవనివాడు సోమవారం క్లాసుకొచ్చి తాళం వేసిన తలుపు చూస్తాడు. ఫెల్ట్, అవుస్ కలిస్తే 'రద్దు' అని అర్థం.

నాకు తెలిసి అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది 'హాల్ప్ డ్రై'. హాల్ప్ అంటే అర, డ్రై అంటే మూడు. తెలుగు చెవికి అది మూడున్నర. వాళ్లకు మూడో గంటలో సగం, అంటే రెండున్నర. వీసా ఆఫీసు అపాయింట్‌మెంట్‌కు గంట ఆలస్యంగా వెళ్తే మళ్లీ వారాల నిరీక్షణ. తూర్పు, దక్షిణ ప్రాంతాల్లో 'ఫీర్టెల్ డ్రై' అని కూడా అంటారు. అది రెండుంపావు, మూడుంపావు కాదు. అంకెలూ తిరగబడతాయి: 24ను 'నాలుగూ ఇరవై' అంటారు. ఫోన్ నంబర్ చెబుతుంటే ఒక గడి ఖాళీ వదిలి ముందు ఒకట్ల అంకె రాసి, తర్వాత వెనక్కొచ్చి పదుల అంకె నింపాలి. కాగితం మీద చుక్కా కామా తారుమారు. 1.000,50 అంటే వెయ్యి యూరోల యాభై సెంట్లు. వాళ్ల చేతిరాతలో 1కి పొడుగు కొక్కెం ఉండి మన 7లా కనిపిస్తుంది, వాళ్ల 7కి నడుమ అడ్డగీత ఉంటుంది.

ఇంకో రెండు చిన్న మాటలు. ఏదైనా పెడతామంటే వట్టి 'డాంకె' అనకండి, అది 'వద్దు, థాంక్స్' అనే అర్థంలో వెళ్తుంది. కావాలంటే 'యా, గెర్నె'. 'మీ దగ్గర ఫారం లేదా?' అని అడిగితే, లేకపోతే మనం 'అవును, లేదు' అంటాం. అక్కడ 'యా' అంటే గందరగోళం. లేకపోతే 'నైన్', ఉంటే 'డోహ్'. నువ్వు, మీరు తేడా ఎలాగూ మనకుంది కాబట్టి డూ, జీ కొత్త కాదు. తోటి విద్యార్థి పదేళ్లు పెద్దయినా 'డూ'నే. ప్రొఫెసర్‌కీ కౌంటర్‌లో ఉన్నవాళ్లకీ 'జీ', ఇంటిపేరుకు ముందు హెర్ లేదా ఫ్రావు. మన గారు పేరు వెనక ఉంటుంది, వాళ్లది ముందు, అంతే తేడా.

జర్మనీలో మామూలుగా ఫ్లాట్‌కు నంబర్ ఉండదు, పోస్ట్‌మన్ పేరు చూసి వేస్తాడు. గది తాళం చేతికొచ్చిన రోజే లెటర్‌బాక్స్ మీదా కాలింగ్ బెల్ మీదా పాస్‌పోర్టులో ఉన్న ఇంటిపేరు అంటించాలి. లేకపోతే బ్యాంక్ కార్డు ఒక కవరులో, దాని పిన్ మరో కవరులో, ఇన్సూరెన్స్ కార్డు ఇంకో కవరులో వచ్చి, అన్నీ వెనక్కి పోతాయి. ఇంట్లో దిగిన రెండు వారాల్లోగా చిరునామా నమోదు, అంటే అన్‌మెల్డుంగ్, చట్టం అడుగుతుంది. దానికి ఇంటి యజమాని సంతకం చేసిన వోనుంగ్స్‌గేబర్‌బెష్టేటిగుంగ్, అంటే మీరు ఆ ఇంట్లో దిగారని చెప్పే కాగితం, కావాలి, అద్దె ఒప్పందం ఒక్కటే చాలదు. పెద్ద నగరాల్లో టైమ్ స్లాట్లు దొరకవు కాబట్టి విమానం ఎక్కకముందే బుక్ చేసుకోవడం మేలు. ఆ ఆఫీసులో వాళ్లు ఇంగ్లిష్‌లో మాట్లాడాలనే నియమమేం లేదు, ప్రభుత్వ భాష జర్మన్ అని చట్టంలోనే ఉంది. ఫారం ముందే నింపుకుని వెళ్తే మాట్లాడాల్సింది పది మాటలే.

నమోదయ్యాక కొన్ని వారాల్లో పన్ను నంబర్ పోస్టులో వస్తుంది. పార్ట్‌టైమ్ ఇచ్చే చోట అది ఇవ్వకపోతే అన్నిటికంటే ఎక్కువ పన్ను కోసే ఆరో తరగతిలో వేస్తారు. దాని వెనకే రేడియో, టీవీ రుసుము ఉత్తరం: నెలకు 18,36 యూరోలు. టీవీ లేదని పక్కన పడేస్తే తప్పించుకోలేరు, ఇంట్లో దిగిన నెల నుంచి లెక్కగడతారు. కానీ రుసుము ఇంటికి ఒక్కటే. ముగ్గురు కలిసి ఉంటే ఒకరు కట్టి, మిగతా ఇద్దరు ఆ నంబర్ రాసి పంపితే సరి.

ఉత్తరం రాగానే ఫోన్ కెమెరాతో మొత్తం అనువదించే ముందు నాలుగు మాటలు వెతకండి. 'ఫ్రిస్ట్' గడువు. 'బిస్ త్సుమ్' పక్కన ఉన్న తేదీ ఆఖరి రోజు. 'ఫెల్లిష్' అంటే ఆ రోజుకి కట్టాలి. 'మానుంగ్' అంటే ఇప్పటికే ఆలస్యమైంది. పసుపు కవరు వస్తే కవరును పారేయొద్దు. పోస్ట్‌మన్ దాని మీద రాసిన తేదీ నుంచే గడువు మొదలవుతుంది. జరిమానా నోటీసైతే అభ్యంతరం చెప్పడానికి ఉన్నది రెండు వారాలే.

మిగిలింది ఫోన్. చేతులూ ముఖమూ కనబడవు కాబట్టి జర్మన్ బి1, అంటే మధ్య స్థాయి, చదివినవాళ్లు కూడా ఇక్కడ తడబడతారు. ప్రాణం మీదికి వస్తే 112, రాత్రి జ్వరం లాంటివాటికి 116117. మామూలు డాక్టర్ అపాయింట్‌మెంట్‌కు డయల్ చేసే ముందు కాగితం మీద రాసుకోండి: 'గూటెన్ టాక్, మైన్ నామె ఇస్ట్...', ఆ తర్వాత 'ఇష్ హెట్టె గెర్న్ ఐనెన్ టెర్మీన్'. పేరు స్పెల్లింగ్ అడుగుతారు, అసలు ప్రమాదం అదే. ఇంగ్లిష్‌లో మనం 'ఏ' అనే అక్షరం వాళ్లకు 'ఆ'. మనం 'ఈ' అనేది వాళ్లకు 'ఏ'. మనం 'ఐ' అనేది వాళ్లకు 'ఈ'. రెడ్డి అని ఇంగ్లిష్ పద్ధతిలో చెబితే రెండో అక్షరం తప్పు పడుతుంది, ఇన్సూరెన్స్ కార్డుతో పేరు కలవదు. 'ఎర్, ఏ, డే, డే, ఇప్సిలోన్' అని చెప్పాలి. మీ పేరు మీరు పది సార్లు బిగ్గరగా అనుకుని పెట్టుకోండి. తర్వాత 'గెజెట్స్‌లిష్ ఓడర్ ప్రివాట్?' అంటారు. మీది ప్రభుత్వ పద్ధతి ఇన్సూరెన్సైతే 'గెజెట్స్‌లిష్'. తేదీ, టైము చెప్పగానే ఫోన్ పెట్టెయ్యకుండా 24 గంటల లెక్కలో తిరిగి అప్పజెప్పండి. అవతల ఫోన్ ఎత్తిన ఆవిడ 'హాల్ప్ డ్రై' అంటే మీరు 'ఫీర్‌త్సేన్ ఊర్ డ్రైసిష్?' అని అడగాలి. అంటే 14:30. ఆవిడ 'గెనావు', అంటే 'సరిగ్గా అదే', అన్నాక పెట్టేయొచ్చు.